నాలుగు చక్రములును లాగు బండి

ఖరీదైన మోటారు కార్ల మీద మెరయు లోహపు అక్షరములలో కొన్ని చిత్రమైన పేర్లు ఉండుట శ్రోతలలో పలువురు గమనించియుందురు. ఆడీ కారు మీద క్వాట్రో అనియు, బి.ఎం.డబ్ల్యు. కారు మీద ఎక్స్‌డ్రైవ్ అనియు, మెర్సిడెస్ బెంజి కారు మీద ఫోర్‌మ్యాటిక్ అనియు ఉండును. పేర్లు వేరైనను అవి చెప్పునది ఒక్కటే. ఈ బండిలో ఇంజను శక్తి రెండు చక్రములకు మాత్రమే గాక నాలుగు చక్రములకును అందునని వాని తాత్పర్యము. దీనినే ఆల్ వీల్ డ్రైవ్ అందురు. మనము సర్వచక్ర చాలనము అని చెప్పుకొనవచ్చును.

ఇట్టి ఏర్పాటు గల కారు జారదనియు, వానలోనైనను మంచులోనైనను అది క్షేమమనియు ఒక నమ్మకము వ్యాపించియున్నది. ఆ నమ్మకములో సగము నిజము. తక్కిన సగము ప్రాణాపాయకరము. ఏ సగము నిజమో తెలియవలెనన్నచో యంత్రము లోపలికి ఒకమారు తొంగిచూడవలెను. నేటి ప్రసంగమునకు అదియే పని.

ఇంజను ఎంత బలమైనదైనను, బండిని చివరకు నడుపునది టైరునకును నేలకును నడుమనున్న పట్టు మాత్రమే. ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు ఇంచుమించు మన అరచేయి అంత ఉండును. రెండు టన్నుల కారు నాలుగు అరచేతుల మీద నిలిచియున్నదన్న మాట. పొడి తారు రోడ్డు మీద టైరు తాను మోయు బరువులో సుమారు పదింట ఎనిమిది వంతుల బలముతో నేలను నెట్టగలదు. గట్టిపడిన మంచు మీద ఆ బలము పదింట రెండు వంతులకు తగ్గును. నున్నని గడ్డమంచు మీద ఒక వంతు మిగులుటయే గగనము.

ఈ లెక్కను ఒక కొండదారికి అన్వయింపుడు. కారు బరువు 2000 కిలోలు. చక్రమునకు 500 కిలోల వంతున పడుచున్నది. మంచు మీద ఒక్కొక్క చక్రము సుమారు 100 కిలోల బలముతో నెట్టగలదు. రెండు చక్రములకే శక్తి అందు కారునకు 200 కిలోల బలము దక్కును. పది అడుగులు సాగిన ఒక అడుగు ఎక్కు దారి మీద ఆ బరువును పైకి నెట్టుటకు కావలసినది సరిగా అంతే. దారి మరికొంత నిటారైనచో చక్రములు ఉన్నచోటనే గిరగిర తిరుగునే గాని కారు కదలదు. ఇంజనులో 300 అశ్వముల శక్తి ఉన్నను ప్రయోజనము లేదు. నాలుగు చక్రములకును శక్తి అందినచో 400 కిలోల బలము లభించును. అప్పుడు ఐదడుగులకు ఒక అడుగు ఎక్కు దారిని సహితము ఎక్కవచ్చును. సర్వచక్ర చాలనములోని మేలు ఇది. ఇంజను బలము పెరుగలేదు. ఉన్న పట్టు అంతయు వినియోగమునకు వచ్చినది.

అట్లయినచో అన్ని చక్రములను ఒకే ఇరుసుతో బిగించి తిప్పిన సరిపోదా అని మీరు అడుగవచ్చును. సరిపోదు. కారు మలుపు తిరుగునప్పుడు బయటి చక్రము పెద్ద వలయము మీదను, లోపలి చక్రము చిన్న వలయము మీదను నడచును. రెండు చక్రముల నడుమ దూరము 1.6 మీటర్లనుకొనిన, కారు ఒక పూర్తి చుట్టు తిరుగునప్పటికి బయటి చక్రము లోపలిదానికన్న సుమారు 10 మీటర్లు అధికముగా నడువవలెను. రెండింటిని ఒకే ఇరుసునకు బిగించినచో ఏదో ఒకటి నేలను రాచుకొనుచు ఈడ్వబడును. టైరు అరగును, ఇరుసు మెలిపడును.

ఈ చిక్కు విప్పునది డిఫరెన్షియల్ అను పళ్ళచక్రముల పెట్టె. లారీ వెనుక ఇరుసు నడుమ గుండ్రని ఉబ్బుగా కనబడునది అదియే. దీని మర్మము మన ఎడ్లబండి కాడిలోనే కలదు. కాడి నడుమ మాత్రమే బండికి కట్టబడియుండును. అందుచేత ఒక ఎద్దు జానెడు ముందునకు, మరియొకటి జానెడు వెనుకకు నడచినను బండి సాగును. రెండు ఎడ్లును లాగు బలము మాత్రము సమానముగా ఉండవలెను. డిఫరెన్షియల్ కూడ రెండు చక్రములకును సమానమైన బలమును పంచును. వేగములను మాత్రము వాని ఇష్టమునకు విడుచును.

కాని కాడికి ఒక బలహీనత ఉన్నది. ఒక ఎద్దు చతికిలబడినదనుకొనుడు. రెండవది ఎంత గింజుకొనినను కాడి పక్కకు తిరుగునే గాని బండి కదలదు. డిఫరెన్షియల్ సంగతియు అంతే. ఒక చక్రము బురదలో పడి పట్టు తప్పినచో దానిని తిప్పుటకు కొద్ది బలము చాలును. సమానముగా పంచుట దాని ధర్మము కనుక, గట్టి నేలపైనున్న రెండవ చక్రమునకును ఆ కొద్ది బలమే అందును. బురదలోని చక్రము వెఱ్ఱిగా తిరుగుచుండగా గట్టి నేల మీది చక్రము కదలక నిలిచియుండుట వానకాలమున నల్లరేగడి దారులలో ఎందరో చూచినదే.

ఇక నాలుగు చక్రములకును శక్తి పంచవలెనన్నచో ముందు ఇరుసునకు ఒకటి, వెనుక ఇరుసునకు ఒకటి చొప్పున రెండు డిఫరెన్షియల్ పెట్టెలు కావలెను. అవియు చాలవు. మలుపులో ముందు చక్రములు వెనుక చక్రములకన్న పెద్ద వలయమున నడచును. కావున ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ కూడ వేగభేదమును సర్దుటకు ఒక ఏర్పాటు ఉండవలెను. ఈ నడిమి ఏర్పాటు ఎట్లుండవలెనన్నదే సర్వచక్ర చాలన చరిత్రలోని అసలు సమస్య.

జీపు ఈ సమస్యను తప్పించుకొన్నది. 1941 నుండి అమెరికా సైన్యమునకై వేల సంఖ్యలో తయారై, పిమ్మట మన దేశమున కూడ నిర్మింపబడిన ఆ బండిలో నడిమి డిఫరెన్షియల్ లేదు. మామూలు రోడ్డు మీద వెనుక చక్రములకే శక్తి. బురద వచ్చినప్పుడు నడుపువాడు ఒక చేతికోలను లాగి ముందు చక్రములను కూడ కలుపును. బురదలో టైర్లు కొంచెము జారుటకు వీలున్నది కనుక అది చెల్లును. పొడి రోడ్డు మీద అట్లే నడిపినచో ఇరుసులు బిగుసుకొని మూలుగును. సైనికులకు, అడవి శాఖవారికి అది చాలును గాని, మెత్తని ఆసనమున కూర్చుండి వందమైళ్ళు పోవలెనను ధనవంతునకు చాలదు. వాన కురిసినను, ఎండ కాసినను, తాను ఏ కోలయు ముట్టనక్కరలేక నాలుగు చక్రములును నిత్యము లాగవలెను, చప్పుడు వినబడరాదు, కుదుపు తెలియరాదు.

ఈ యత్నము మోటారు కారుతో ఇంచుమించు ఈడుగలదే. 1900లో ఆస్ట్రియాలో ఫెర్డినాండ్ పోర్షె అను యువ ఇంజనీరు నాలుగు చక్రముల నడిబొడ్డులందు నాలుగు విద్యుత్ మోటార్లు అమర్చి ఒక కారు నిర్మించెను. 1903లో హాలెండు దేశమున స్పైకర్ సోదరులు ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనుతో నాలుగు చక్రములను నడుపు కారు చేసిరి. వారు నాలుగు చక్రములను నడుపుటతో తృప్తిపడక, నాలుగింటిని నిలుపు బ్రేకులను కూడ ఏర్పరచిరి. ఈ మాటను శ్రోతలు మనసున ఉంచుకొన ప్రార్థన.

అటుపిమ్మట 1966లో ఇంగ్లండున జెన్సెన్ ఎఫ్.ఎఫ్. అను విలాసపు కారు వెలువడెను. ఫెర్గూసన్ సంస్థవారి పద్ధతిచొప్పున అందులో నడిమి డిఫరెన్షియల్ శక్తిని సమముగా గాక, ముందు చక్రములకు నూటికి 37 పాళ్ళు, వెనుక చక్రములకు 63 పాళ్ళుగా పంచెడిది. చక్రములు బిగుసుకొని జారకుండ బ్రేకును తగ్గించి హెచ్చించు మాక్సరెట్ అను పరికరమును కూడ అందు అమర్చిరి. విమానములకై పుట్టిన పరికరమది. కారు ధర మిక్కిలి హెచ్చు. 1971 నాటికి సుమారు 320 మాత్రమే తయారై నిలిచిపోయెను.

విస్తృతముగా నెగ్గినది జర్మనీలోని ఆడీ సంస్థ. 1976-77 శీతకాలమున ఫిన్లాండు దేశపు మంచులో వారు కార్లను పరీక్షించుచుండిరి. అక్కడ ఫోక్స్‌వాగన్ ఇల్టిస్ అను సైనిక వాహనము కూడ ఉండెను. దాని ఇంజను శక్తి 75 అశ్వములు మాత్రమే. అయినను మంచు దారులలో అది తనకన్న ఎంతో బలమైన కార్లను వెనుకకు నెట్టెను. యోర్గ్ బెన్సింగర్ అను ఇంజనీరు దానిని గమనించి, ఈ గుణమునే వేగముగా పోవు కారునకు ఏల పట్టింపరాదని తన పై అధికారులతో ప్రస్తావించెను. 1980 మార్చిలో జెనీవా ప్రదర్శనమున ఆడీ క్వాట్రో లోకమునకు కనబడెను. ఇటలీ భాషలో క్వాట్రో అనగా నాలుగు.

ఆ కారులోని ఉపాయము చూడుడు. గేరుపెట్టెలోని ఒక ఇరుసును వెదురువలె బోలుగా చేసిరి. ఆ బోలు ఇరుసు శక్తిని వెనుకకు కొనిపోయి నడిమి డిఫరెన్షియల్‌కు ఇచ్చును. అక్కడనుండి ఒక వాటా వెనుక చక్రములకు పోవును. రెండవ వాటా ఆ బోలు లోపలనే తిరుగు మరియొక సన్నని ఇరుసు ద్వారా ముందు చక్రములకు మరలివచ్చును. బరువైన వేరు పెట్టె అక్కరలేకపోయెను, చప్పుడు తగ్గెను. మోటారు పందెములలో ఈ కారు ఘనత త్వరలోనే తేలిపోయెను. 1981లో ఇటలీలోని శాన్ రెమో ర్యాలీని మిషెల్ మూతాన్ అను ఫ్రెంచి వనిత ఈ కారుతోనే గెలిచెను. ప్రపంచ ర్యాలీ పోటీలలో ఒక స్త్రీకి విజయము దక్కుట అదియే ప్రథమము.

అయితే కాడిలోని బలహీనత నడిమి డిఫరెన్షియల్‌కును ఉన్నది గదా. మూడు పెట్టెలు గల కారులో ఒక్క చక్రము గడ్డమంచు మీద పడినను, తక్కిన మూడింటి బలము సున్నయగును. మొదటి క్వాట్రోలో నడుపువాడే ఒక మీటతో డిఫరెన్షియల్‌ను బంధింపవలసియుండెను. ఆ శ్రమ తప్పించుటకు ఇంజనీర్లు ముఖ్యముగా నాలుగు మార్గములు తొక్కిరి.

మొదటిది జిగట నూనె మార్గము. ఒక మూసిన డబ్బాలో పలుచని బిళ్ళలు వరుసగా ఉండును. ఒకటి విడిచి ఒకటి ముందు ఇరుసునకు చెందినవి. తక్కినవి వెనుక ఇరుసునకు చెందినవి. వాని నడుమ సిలికోను నూనె నిండియుండును. రెండు ఇరుసుల వేగము సమానముగా ఉన్నంతవరకు నూనె ఊరకుండును. ఒకటి జారి వేగముగా తిరిగినప్పుడు నూనె చిలుకబడి, వేడెక్కి, రెండింటిని పట్టుకొనును. 1985లో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. 325 ఐ.ఎక్స్. కారులో జారుడును అరికట్టుటకు దీనిని వాడిరి. ఇందలి లోపమేమనగా, చక్రము కొంత జారిన పిమ్మటనే ఇది మేల్కొనును.

రెండవది టోర్సెన్ అను యంత్రము. వెర్నన్ గ్లీస్‌మన్ అను అమెరికనుడు దీనిని కల్పించెను. గిటారు తలవద్దనున్న బిరడాను మీరు చూచియుందురు. బిరడాను త్రిప్పిన తీగ బిగియును. తీగ ఎంత లాగినను బిరడా వెనుకకు తిరుగదు. మెలికల పళ్ళుగల గేరునకు ఈ గుణము కలదు. టోర్సెన్‌లోని గేర్లు ఇట్టివే. మలుపులోని స్వల్ప వేగభేదమును ఇవి సహించును. ఒక ఇరుసు పట్టు తప్పి పరుగెత్తబోయినచో గేర్లు తమలో తాము ఒరసి బిగుసుకొని, పట్టుగల ఇరుసునకు అధికబలమును పంపును. కరెంటు లేదు, గణనయంత్రము లేదు. లోహపు పళ్ళ ఒరపిడియే దీని బుద్ధి. ఆడీ కార్లలో 1980ల నడుమనుండి ఇది చేరెను. 2003లో వచ్చిన బెంట్లీ కాంటినెంటల్ జి.టి. కారులోను ఇదియే.

మూడవది విద్యుత్తు అదుపుగల క్లచ్చి. 2003 నుండి ఎక్స్‌డ్రైవ్ కార్లలో వెనుక చక్రములకు నేరుగా శక్తి పోవును. ముందు చక్రములకు పలు బిళ్ళల క్లచ్చి ద్వారా పోవును. మామూలుగా ముందునకు 40 పాళ్ళు, వెనుకకు 60 పాళ్ళు. చక్రముల వేగమును, స్టీరింగు తిరిగిన కోణమును, కారు పక్కకు ఒరుగుటను పరికరములు ఎడతెగక కనిపెట్టుచు గణనయంత్రమునకు తెలుపుచుండును. అది చిన్న విద్యుత్ మోటారుతో బిళ్ళలను నొక్కించును, లేదా వదలించును. ఈ పని సెకనులో పదవ వంతు కాలమున ముగియును.

నాలుగవది బ్రేకు మార్గము. ఊరక తిరుగు చక్రమును బ్రేకుతో కొంచెము పట్టుకొనినచో డిఫరెన్షియల్‌కు ఆ చక్రము బరువైనట్లు తోచును. అప్పుడు ఎదుటి చక్రమునకు కూడ ఆ మేరకు బలము అందును. చతికిలబడిన ఎద్దు ఉన్న వైపున కాడిని మనిషి చేతితో పట్టుకొనుట వంటిదిది. నేటి కార్లలో పెక్కింటి యందు ఈ ఉపాయము పై మార్గములకు తోడుగా పనిచేయుచున్నది.

విద్యుత్ కార్లు వచ్చినప్పటినుండి ఈ కథ మరల మొదటికి వచ్చినదనవచ్చును. ముందు ఇరుసునకు ఒక మోటారు, వెనుక ఇరుసునకు ఒక మోటారు. నడుమ ఇరుసు లేదు, నడిమి డిఫరెన్షియల్ లేదు. 2014లో టెస్లా మోడల్ ఎస్. కారునకును, 2023లో రోల్స్ రాయిస్ స్పెక్టర్‌కును ఇట్టి ఏర్పాటే చేసిరి. 1900 నాటి పోర్షె ఆలోచనకు ఇది మనుమరాలు.

ఇంతవరకు చెప్పినది నమ్మకములోని నిజమైన సగము. ఇక రెండవ సగము.

ఈ యంత్రములన్నియు ఇంజను శక్తిని చక్రములకు పంచునవి. బ్రేకు నొక్కినప్పుడు ఇంజను శక్తితో పనిలేదు. నేడు ప్రతి కారునకును, అది ఎంత చౌకదైనను, నాలుగు చక్రములకును బ్రేకులు ఉన్నవి. నిలుచు విషయమున అన్ని కార్లును ఏనాడో సర్వచక్ర వాహనములైనవి. కనుక సర్వచక్ర చాలనము గల కారు ఇతర కార్లకన్న ముందుగా నిలువదు. ఒక్క అడుగు కూడ ముందుగా నిలువదు.

గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవు కారు, బ్రేకు పట్టిన పిమ్మట, పొడి రోడ్డు మీద సుమారు 31 మీటర్లలో నిలుచును. ముందు చెప్పిన పట్టు లెక్క ప్రకారము గట్టిపడిన మంచు మీద అదే కారు 126 మీటర్లు పోవును. గడ్డమంచు మీద 250 మీటర్లు దాటును. రెండు చక్రములు లాగు బండికైనను, నాలుగు లాగు బండికైనను ఈ అంకెలు మారవు.

ఇందులో మరియొక మోసము కలదు. రెండు చక్రముల కారును నడుపువాడు బయలుదేరునప్పుడే చక్రములు జారుట చూచి, దారి చెడ్డదని గ్రహించి, మెల్లగా పోవును. ఆ జారుడు ఒక హెచ్చరిక. నాలుగు చక్రముల కారు చల్లగా బయలుదేరి, నిమిషములో వేగము పుంజుకొనును. దారి నున్ననిదన్న సంగతి నడుపువానికి తెలియదు. తెలియు క్షణము బ్రేకు నొక్కు క్షణము. అప్పటికి ఆలస్యమైపోవును. యంత్రము మన కష్టమును తొలగించుటలో మన హెచ్చరికను కూడ తొలగించినది. మలుపు సంగతియు ఇట్టిదే. శక్తి నాలుగింటికి పంచబడుటచే మలుపునుండి వేగముగా బయటపడుటకు సాయము కలుగును. మితిమీరిన వేగముతో మలుపులో ప్రవేశించినవానిని ఏ డిఫరెన్షియల్‌యు రక్షింపలేదు.

మన ప్రాంతమున మంచు లేదు గాని వానలున్నవి. నీరు నిలిచిన రోడ్డు మీద వేగముగా పోవునప్పుడు టైరు గాళ్ళు నీటిని పక్కకు తోయలేకపోయినచో టైరు నేలను విడిచి నీటిపై తేలును. తేలు చక్రములు రెండైననేమి, నాలుగైననేమి? అక్కడ కాపాడునది టైరు గాడి లోతును, నడుపువాని నిదానమును. మన దేశపు నిబంధనల ప్రకారము కార్ల టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. అది కడపటి హద్దేగాని క్షేమమునకు గుర్తు కాదు.

ఇట్టి కారు గల గృహస్థులకు రెండు మాటలు. నాలుగు టైర్లును ఒకే కొలతవి, ఇంచుమించు ఒకే అరుగుదల గలవియై ఉండవలెను. ఒక్క టైరును మాత్రమే మార్చి, కొత్తదానికిని పాతవానికిని గాడిలో 5 మిల్లీమీటర్ల తేడా వచ్చినదనుకొనుడు. పాత టైరు కిలోమీటరునకు సుమారు 7 చుట్లు అధికముగా తిరుగును. చక్కని దారిలో పోవుచున్నను యంత్రము తాను నిత్యము మలుపులోనున్నట్లు భ్రమపడి, లోలోపల ఒరసికొనుచు వేడెక్కును. రెండవది, కారు చెడిపోయినప్పుడు రెండు చక్రములను పైకెత్తి, రెండింటిని నేలపై దొర్లించుచు లాగింపరాదు. మొత్తము కారును లారీ బల్లపైకి ఎక్కించి కొనిపోవుటయే మేలు.

స్పైకర్ సోదరులు నాలుగు చక్రములను నడిపిన కారునకే నాలుగు చక్రముల బ్రేకులను కూడ ఏల అమర్చిరో, జెన్సెన్ వారు ఫెర్గూసన్ పద్ధతితోపాటు మాక్సరెట్ పరికరమును ఏల చేర్చిరో ఇప్పుడు విశదమగును. పోవుట ఒక విద్య, నిలుచుట మరియొక విద్య అని వారెరుగుదురు. కారు వెనుకనున్న లోహపు అక్షరములు మొదటి విద్యకు మాత్రమే యోగ్యతాపత్రములు. రెండవ విద్య నాలుగు అరచేతులంత రబ్బరులోను, నడుపువాని కుడికాలిలోను ఉన్నది.